నెలంతా 4 డిగ్రీలేనా?

ఒక ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్ తలుపు మీద అంటించిన ఉష్ణోగ్రతల పట్టికను ఈమధ్య చూశాను. ఆ ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఉదయం 4, సాయంత్రం 5. మర్నాడు ఉదయం 4, సాయంత్రం 4. పై నుంచి కిందిదాకా ఒకే సిరా, ఒకే వాలు. ఒక్క అంకె కూడా 3కి దిగలేదు, 6కి ఎక్కలేదు. ఆ రోజు సాయంత్రం గడిలో రాయాల్సిన అంకె మధ్యాహ్నానికే రాసి ఉంది.

అదే ఫ్రిజ్‌లో, టీకా పెట్టెల మధ్య, కొత్తగా పెట్టిన డేటా లాగర్, అంటే ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేస్తూ ఉండే చిన్న పరికరం, ఉంది. దాన్ని కంప్యూటర్‌కు తగిలించి ఆ నెల గ్రాఫు తీశాం. పగలంతా 4కూ 7కూ మధ్య ఊగిన గీత అర్ధరాత్రి దాటాక కిందికి జారుతోంది. కొన్ని రాత్రులు సున్నా కూడా దాటి మైనస్‌లోకి వెళ్ళింది. తెల్లవారి ఎవరో వచ్చి తలుపు తీశాక మెల్లగా పైకి వచ్చింది. నర్సు వచ్చి థర్మామీటరు చూసే వేళకు చాలా రోజులు నిజంగానే 4 దగ్గర ఉంది. అంటే పట్టికలో అంకెలన్నీ కల్పితం కావు. నిజమైనవీ, ఊహించి రాసినవీ కలిసిపోయాయి. రెండిటిలో ఏవీ ఆ రాత్రుల గురించి చెప్పలేదు.

సాయంత్రం గడి సంగతి అడిగితే ఆమె దాచలేదు. "సాయంత్రం టీకాల కార్యక్రమం నుంచి తిరిగి వచ్చేసరికి గదికి తాళం వేసేస్తారండీ. అందుకే ముందే రాస్తాను" అన్నారు. కాసేపటికి తనంతట తానే ఇంకో మాట చెప్పారు: "ఒకసారి 9 ఉంటే 9 అనే రాశాను. ఎందుకు పెరిగిందో వివరణ ఇవ్వమని నా పేరు మీద కాగితం వచ్చింది. ఫ్రిజ్ తలుపు రబ్బరు మాత్రం ఎవరూ మార్చలేదు. మళ్ళీ ఎప్పుడూ 9 రాయలేదు."

ఆ మాట విన్నప్పటి నుంచి నా ఆలోచన ఒకచోటికే వస్తోంది. హద్దు దాటిన తేడా ఒక్కటి కూడా నమోదు కాని ఉష్ణోగ్రతల రిజిస్టరు కనిపిస్తే మనం మెచ్చుకోవడం మాని అనుమానించాలి. తేడా రాసిన మనిషిని నిలదీయడం మానాలి. ఈ రెండూ జరగనంతవరకూ ఎంత మంచి పరికరం తెచ్చి పెట్టినా టీకాలకు రక్షణ లేదని నా నమ్మకం. ఇది అనుకున్నంత తేలికైన వాదన కాదని తెలుసు. అందుకే నాకు ఎదురైన సందేహాలతో సహా రాస్తున్నాను.

వేడి కన్నా చలి ప్రమాదం

టీకాలు పాడవుతాయనగానే అందరి మనసులోకీ ముందు వచ్చేది వేడి. కరెంటు పోవడం, ఎండలో నిలిచిన వాహనం, టీకాలు మోసుకెళ్ళే, మంచు కరిగిపోయిన క్యారియర్ పెట్టె. ఈ భయం సబబే. నోటి ద్వారా వేసే పోలియో చుక్కలు వేడికి త్వరగా శక్తి కోల్పోతాయి. కానీ వేడి విషయంలో మనకు ఒక అండ ఉంది. 1996 నుంచి పోలియో సీసాల మీద, తర్వాత అనేక ఇతర టీకాల మీద వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) అనే గుర్తు అంటిస్తున్నారు. వృత్తం లోపల చిన్న చతురస్రం ఉంటుంది. సీసా అనుభవించిన వేడి అంతా కూడుకుంటూ ఆ చతురస్రం క్రమంగా ముదురు రంగుకు మారుతుంది. దాని రంగు చుట్టూ ఉన్న వృత్తం రంగుతో సమానమైనా, అంతకన్నా ముదిరినా ఆ సీసా వాడకూడదు. ఎక్కువ చదువుకోని సహాయకులు కూడా ఒక్క చూపులో తేల్చగలరు. ప్రజారోగ్యంలో నాకు అత్యంత గౌరవం ఉన్న ఆవిష్కరణల్లో ఇదొకటి.

కానీ వీవీఎంకు చలి తెలియదు. గడ్డకట్టి కరిగిన సీసా మీద కూడా ఆ చతురస్రం తెల్లగానే ఉంటుంది.

గడ్డకడితే జరిగేది ఇది. హెపటైటిస్ బి, ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్, ధనుర్వాతం, న్యుమోనియా నుంచి కాపాడే పీసీవీ, గర్భాశయ ముఖ క్యాన్సర్ నుంచి కాపాడే హెచ్‌పీవీ వంటి టీకాల్లో అల్యూమినియం లవణాలు ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపే పదార్థం ఆ లవణపు సన్నని రేణువులను అంటిపెట్టుకుని ఉంటుంది. నీరు మంచుగా మారినప్పుడు ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. కరిగాక అవి మళ్ళీ విడిపోవు. హెపటైటిస్ బి టీకా దాదాపు మైనస్ 0.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలన్న నియమంలో కింది హద్దుకూ ఈ ప్రమాదానికీ మధ్య ఉన్న ఎడం రెండున్నర డిగ్రీలే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం తయారయ్యే, 30 రోజుల ఉష్ణోగ్రతలు నమోదు చేసే రికార్డర్ల అలారం గురించి చదివినప్పుడు ఈ సంగతి నాకు బలంగా తగిలింది. 8 డిగ్రీలు దాటి 10 గంటలపాటు అలాగే కొనసాగితే అది అలారం చూపిస్తుంది. అదే మైనస్ 0.5కి దిగితే 60 నిమిషాలకే చూపిస్తుంది. వేడికి 10 గంటల గడువు, చలికి ఒక్క గంట. దాన్ని రూపొందించినవారు ఎటువైపు ప్రమాదం తక్షణమో తేల్చే చెప్పారు. మన ఆచరణలో మాత్రం కరెంటు పోయి వచ్చిందంటే చాలు, త్వరగా చల్లబడాలని థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పేస్తాం. రాత్రికి ఎవరూ ఉండరు, తలుపు తెరుచుకోదు, ఫ్రిజ్ చల్లబడుతూనే ఉంటుంది. వేసవిలో సరిచేసిన థర్మోస్టాట్‌ను చలికాలం వచ్చాక పట్టించుకోకపోయినా ఇదే జరుగుతుంది.

ఇది పేద దేశాల సమస్య అనుకునేవారు 2017లో వెలువడిన ఒక సమీక్ష చూడాలి. అప్పటిదాకా ప్రచురితమైన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నిల్వ దశలో టీకాలు ఉండాల్సినదానికన్నా ఎక్కువ చల్లదనానికి గురైన సందర్భాలు తక్కువ ఆదాయ దేశాల్లో 37 శాతం, సంపన్న దేశాల్లో 33 శాతం. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంత తక్కువో చూడండి. డబ్బుతో మాత్రమే తీరే సమస్య అయితే అది ఇంకా చాలా ఎక్కువ ఉండాలి.

సీసాను ఊపి చూడడం

అల్యూమినియం ఉన్న టీకా గడ్డకట్టిందేమోనన్న అనుమానం వస్తే షేక్ టెస్ట్ చేయాలి. ఖరీదైన యంత్రమేమీ అక్కరలేదు. అనుమానం ఉన్న సీసాతో పాటు అదే కంపెనీ, అదే బ్యాచ్ సీసా ఇంకొకటి తీసుకుని, దాన్ని కావాలనే రాయిలా గడ్డకట్టించి, మళ్ళీ కరగనివ్వాలి. ఆ రెండో సీసా మీద వాడకూడదని రాసి పెట్టుకోవాలి. తర్వాత రెండిటినీ ఒకే చేతిలో పట్టుకుని పది, పదిహేను సెకన్లు ఊపి, కదలకుండా బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాలి.

మొదట రెండూ ఒకేలా, పలచటి పాలలా తెల్లగా ఉంటాయి. కొద్ది నిమిషాలకే గడ్డకట్టిన సీసాలో పైభాగం తేటపడడం మొదలవుతుంది. అడుగున తెల్లటి పొర చేరుతుంది. అనుమానం ఉన్న సీసాలోనూ అదే వేగంతో పొర దిగితే ఆ టీకా పాడైనట్టే. అది ఇంకా తెల్లగా నిలకడగా ఉంటే వాడుకోవచ్చు. అరగంటలో తేలిపోతుంది. ఒక్కసారి కళ్ళారా చూసిన నర్సు ఆ తర్వాత ఐస్‌ప్యాక్‌లను ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా క్యారియర్‌లో పెట్టడం నేను చూడలేదు. ప్యాక్‌ను చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ళ చప్పుడు వినిపించేదాకా ఆగుతారు. శిక్షణలో ఎన్ని స్లైడ్లు చూపించినా రాని శ్రద్ధ ఆ రెండు సీసాలతో వస్తుంది.

అయితే ఈ పరీక్ష చేయాలంటే ముందు అనుమానం రావాలి. ఆ అనుమానం రిజిస్టరులోంచి రావాలి. నెలంతా 4 అని రాసి ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది?

రోజుకు రెండు చూపులు

చేత్తో రాసే పద్ధతిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది రోజుకు రెండుసార్లు, సెలవు రోజులతో సహా. నిజాయితీగా రాసినా ఇది ఎంతవరకు చాలుతుందన్నది ప్రశ్న. సాయంత్రం 5కి ఒకసారి, మర్నాడు ఉదయం 9కి ఒకసారి చూస్తే మధ్యలో 16 గంటలు చీకటి. వారాంతం రెండు రోజులూ మూసే కేంద్రమైతే ఆ చీకటి 64 గంటలు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచించినట్టు కనీసం అరగంటకోసారి నమోదు చేసే లాగర్ పెడితే రోజుకు 48 రీడింగులు వస్తాయి. 48లో 2 చూసి రోజంతా బాగుందనడం శాస్త్రం కాదు.

థర్మామీటరు కూడా అన్నిసార్లూ టీకా ఉష్ణోగ్రత చెప్పదు. తలుపు తీయగానే బయటి గాలి చొరబడి, గాలిలో వేలాడే సెన్సర్ రెండు మూడు డిగ్రీలు పైకి దూకవచ్చు. సీసాలోని ద్రవం అంత వేగంగా మారదు. అందుకే మంచి లాగర్ల సెన్సర్‌ను గ్లైకాల్ వంటి ద్రవం నింపిన చిన్న సీసాలో ముంచి పెడతారు. దాన్ని ఫ్రిజ్ మధ్యలో, టీకాల పక్కనే ఉంచాలి. తలుపు అరలోనో, చల్లగాలి వచ్చే రంధ్రం ముందో పెడితే ఫ్రిజ్‌లో ఏదో మూల సంగతి తెలుస్తుంది తప్ప టీకాల సంగతి తెలియదు.

తక్కువ ఖర్చుతో పెద్ద మేలు చేసేది కనిష్ఠ-గరిష్ఠ థర్మామీటరు. గత పరిశీలన నుంచి ఇప్పటిదాకా ఎంత దిగిందో, ఎంత ఎక్కిందో అది గుర్తుంచుకుంటుంది. ఉదయం రాగానే ఆ రెండు అంకెలు రాసి, మీట నొక్కి చెరిపేస్తే రాత్రంతా ఏం జరిగిందో కొంతైనా తెలిసినట్టే. చెరపడం మరచిపోతే పోయిన వారం నాటి కనిష్ఠమే రోజూ కనిపిస్తుంది. చాలా పట్టికల్లో ఈ రెండు అంకెలకు గడులే లేవు. గడి లేని అంకెను ఎవరూ రాయరు. కొత్త పరికరాలకు డబ్బు లేదనేవారు కనీసం పట్టికను మళ్ళీ అచ్చు వేయించవచ్చు.

యంత్రానికే వదిలేస్తే?

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను గట్టిగా నిలదీశాడు. ఆసుపత్రి ఫార్మసీలో చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి. "చేతిరాత పట్టికల్లో ఎప్పుడూ కాకిలెక్కలే. లాగర్ అబద్ధం చెప్పదు. రిజిస్టరు తీసేసి అన్నిచోట్లా లాగర్లు పెట్టేస్తే నీ గొడవ తీరుతుంది కదా" అన్నాడు.

లాగర్లు పెట్టాలన్నదానిలో నాకూ అతనికీ తేడా లేదు. కానీ అవి పెట్టగానే గొడవ తీరదు. 2012లో అమెరికా ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం, పిల్లలకు ఉచిత టీకాలు వేసే 45 కేంద్రాల ఫ్రిజ్‌లలో రెండు వారాలపాటు సొంతంగా ఉష్ణోగ్రతలు కొలిచింది. 76 శాతం కేంద్రాల్లో టీకాలు మొత్తం మీద కనీసం 5 గంటలు ఉండకూడని ఉష్ణోగ్రతల్లో గడిపాయి. వాటిలో ఏ కేంద్రమూ టీకాల నిర్వహణకు పెట్టిన అన్ని నిబంధనలనూ పాటించలేదు. నియమాలు తెలిసిన, వసతులు ఉన్న చోట జరిగిన సంగతి ఇది. కొలిచేది ఎవరు, ఏ పరికరంతో అన్నదానితో పాటు, కొలిచినదాన్ని ఎవరు చూస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం.

లాగర్ గ్రాఫును నెలకోసారి దించుకుని ఫైల్లో పెడితే, మూడో తారీఖున గడ్డకట్టిన టీకా సంగతి ముప్పయ్యో తారీఖున తెలుస్తుంది. ఈలోగా ఆ సీసాలన్నీ పిల్లల తొడల్లోకి వెళ్ళిపోయి ఉంటాయి. అలారం మాటిమాటికీ మోగితే గొంతు నొక్కేస్తారు. ఫోనుకు సందేశం వచ్చే ఏర్పాటు ఉంటే ఆ నంబరు బదిలీ అయిపోయిన ఉద్యోగిది అయి ఉంటుంది. బ్యాటరీ అయిపోతే గీత ఆగిపోతుంది. ఆగిపోయిన గీతను తేడా కిందే లెక్కవేయాలని చాలామందికి తోచదు. లాగర్ కూడా కాలం గడిచేకొద్దీ తప్పు చూపించవచ్చు. అర డిగ్రీకి మించి తేడా లేదని ధ్రువీకరించే పత్రం దానికి ఉండాలి, రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ పరీక్షించాలి.

అందుకే చేతిరాతను పూర్తిగా తీసేయడానికి నేను ఒప్పుకోను. అంకె రాయడం కోసమైనా ఒక మనిషి ఉదయాన్నే ఆ ఫ్రిజ్ ముందు నిలబడతారు. తలుపు సరిగా పడలేదని, గోడకు పేరుకున్న మంచు పెరిగిందని, చల్లదనం నిలకడగా ఉండేందుకు పెట్టిన నీళ్ళ సీసాలు తీసేసి ఎవరో తమ అన్నం డబ్బా పెట్టారని చూస్తారు. ఇవేవీ లాగర్‌కు కనిపించవు. యంత్రం రాత్రంతా కాపలా ఉండాలి, మనిషి ఉదయం వచ్చి అది చెప్పింది చదవాలి. చదివినట్టు సంతకం పెట్టాలి.

నిలదీయకపోతే నిర్లక్ష్యం పెరగదా?

నా వాదనకు అసలైన అభ్యంతరం ఇది, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. తేడా రాసినవారిని ఏమీ అనకూడదంటే రేపు తలుపు తెరిచి వదిలేసినవారు కూడా '14 డిగ్రీలు' అని రాసి చేతులు దులుపుకుంటారు. పర్యవేక్షకులు అడిగే ఈ ప్రశ్నలో నిజం ఉంది. నిర్లక్ష్యం ఉంటుంది, దానికి జవాబుదారీ ఉండాలి.

నేను అడిగేది, ఏది నేరమో మార్చమని. ఫ్రిజ్ 9కి ఎక్కడం చాలాసార్లు రాసిన మనిషి చేతిలో లేనిది. తలుపు రబ్బరు, ఓల్టేజి, వయసు మీరిన కంప్రెసర్, గది వేడి, వీటిలో ఏదీ నర్సు అదుపులో ఉండదు. 9 చూసి 4 రాయడం ఆమె చేతిలో ఉన్నది. చూడకుండా రాయడం ఆమె చేతిలో ఉన్నది. 9 అని నివేదిక వచ్చాక వారం రోజులు మెకానిక్‌ను పంపకపోవడం పై అధికారి చేతిలో ఉన్నది. ఇప్పుడు శిక్ష మొదటిదానికి పడుతోంది, మిగతా మూడూ ఎవరి కంటికీ ఆనడం లేదు. ఈ వరుస తిరగబడాలి.

తేడా కనిపించినప్పుడు చేయాల్సిన పని అంత కష్టమైనదేమీ కాదు. ఆ సీసాలను విడిగా, సరైన ఉష్ణోగ్రతలోనే పెట్టి 'వాడవద్దు' అని రాయాలి. ఎంత ఉష్ణోగ్రత, ఎంతసేపు, ఏ బ్యాచ్ అన్నది నమోదు చేసి పైవారికి ఫోన్ చేయాలి. తమంతట తాము పారేయకూడదు, వాడనూ కూడదు. కొన్ని టీకాలు కొన్ని గంటల వేడిని తట్టుకుంటాయి. గడ్డకట్టించి ఎండబెట్టిన తట్టు, బీసీజీ పొడులకు చలి వల్ల నష్టం లేదు, కానీ వాటిలో కలిపే ద్రవం గడ్డకట్టకూడదు. ఏది పనికొస్తుందో తేల్చడానికి తయారీదారుల దగ్గర సమాచారం ఉంటుంది. నిజమైన అంకె, నిజమైన వ్యవధి తెలిస్తేనే వారు సరైన జవాబు చెప్పగలరు. అంటే నిజాయితీగా రాసిన రిజిస్టరు వల్ల టీకాలు వృథా కావడం కన్నా మిగలడమే ఎక్కువ. పట్టిక నమ్మదగినది కాకపోతే అనుమానం వచ్చిన రోజున నిల్వ మొత్తం పారేయడం తప్ప దారి ఉండదు.

ఇంకో అభ్యంతరం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. టీకాల మీద అపోహలు ఇంతగా ఉన్న రోజుల్లో, 'ఫ్రిజ్ పాడైంది, టీకాలు పాడయ్యాయి' అని మనమే బయటపెడితే తల్లిదండ్రులు భయపడరా? దీని మీద చాలా రోజులు తటపటాయించాను. చివరికి తేలింది ఇది. చలికి పాడైన టీకా సాధారణంగా బిడ్డకు పెద్ద హాని చేయదు, సూది పడ్డ చోట కాస్త ఎక్కువ నొప్పి, వాపు రావచ్చు. అది చేసే అసలు నష్టం రక్షణ ఇవ్వకపోవడం. ఆ బిడ్డ కార్డులో టీకా పడినట్టే ఉంటుంది. ఏళ్ళ తర్వాత కోరింత దగ్గు వచ్చినప్పుడు 'టీకా వేయించినా వచ్చింది' అన్న మాట ఊరంతా పాకుతుంది. ఆ మాటను ఏ ప్రచారమూ తుడిచేయలేదు. అవసరమైతే పిలిచి, జరిగింది చెప్పి, మళ్ళీ వేయడం వల్ల ఆ రోజుకు కొంత కోపం వస్తుంది. నిజం చెప్పారన్న సంగతి కూడా వాళ్ళకు గుర్తుంటుంది. ఈ విషయంలో నాకు పూర్తి నిశ్చింత లేదు, కానీ దాచడాన్ని సమర్థించే వాదన ఒక్కటీ నాకు నిలబడినట్టు కనిపించలేదు.

తనిఖీకి వెళ్ళినప్పుడు

తనిఖీకి వెళ్ళేవారికి ఒక మనవి. పట్టిక నిండిందా లేదా అన్నది చివర చూడండి. ముందు "ఈ నెల ఫ్రిజ్ ఏ రోజు ఇబ్బంది పెట్టింది?" అని అడగండి. ఏ రోజూ లేదంటే కనిష్ఠ అంకెలు చూపించమనండి. ఒక రోజు చూపిస్తే, ఆ రోజు ఎవరికి ఫోన్ చేశారో, అవతలివారు ఏం చేశారో రాసుకుని, ఆ అవతలివారి దగ్గరికి వెళ్ళండి. ఉష్ణోగ్రత తేడా వల్ల పక్కన పెట్టిన డోసులను మామూలు వృథాలో కలిపి ఆ కేంద్రం ఖాతాలో మచ్చగా రాయకండి. దానికి వేరే పద్దు పెట్టి, ఫ్రిజ్ మరమ్మతుల పద్దు పక్కనే ఉంచండి. ఏ కేంద్రానికి మెకానిక్ అవసరమో ఆ రెండు పద్దులూ కలిపి చూస్తే తెలిసిపోతుంది.

పోతే, ఫ్రిజ్ పక్కన గోడ మీద అత్యవసర నంబర్ల కాగితం ఉంటుంది కదా, అందులో రెండో పేరు ఉందో లేదో చూడండి. ఆదివారం రాత్రి అలారం మోగితే మొదటి వ్యక్తి ఊళ్ళో లేకపోవచ్చు. ఆ రెండో వ్యక్తి దగ్గర గది తాళంచెవి ఉందో లేదో కూడా అడగండి.